కొబ్బరినూనె సంగతి అడిగిన కౌన్సెలర్

హైదరాబాద్‌లో గే, బై (ఆడా మగా ఇద్దరూ నచ్చే) మగాళ్ల కోసం నడిచే ఒక డ్రాప్-ఇన్ సెంటర్‌లో పోయిన వారం హెచ్‌ఐవీ టెస్ట్ చేయించుకున్నా. పేరు, అడ్రస్ రాయను, అక్కడికొచ్చేవాళ్లలో ఇంట్లో తెలియనివాళ్లే ఎక్కువ. నాలుగు స్టార్లు.

అంతకుముందు ఒక ప్రైవేటు ల్యాబ్‌కి వెళ్తే, రక్తం తీసే అతను "పెళ్లి కాలేదంటున్నారు, మరి ఈ టెస్ట్ దేనికి?" అని హాలంతా వినపడేలా అడిగాడు. డబ్బు కట్టి కూడా రిపోర్ట్ కోసం మళ్లీ ఆ గడప తొక్కలేదు. మగాళ్ల మధ్య సంబంధాన్ని నేరం అన్న సెక్షన్ 377 నుంచి సుప్రీంకోర్టు 2018లో బయటపడేసింది గానీ, ల్యాబ్ కౌంటర్ నుంచి ఎవరు పడేస్తారు?

ఇక్కడ కౌన్సెలర్ మనవాడే. కోతీనా (పడకలో కింద ఉండేవాడు), పంతీనా (పైన ఉండేవాడు), డబుల్ డెక్కరా (రెండూ) అని కాఫీయా టీయా అన్నంత మామూలుగా అడిగాడు. నేను వాటిలో ఏదీ కాదు, బై అని నసిగితే, "పేరు ఏదైతే ఏంటి తమ్ముడూ, పోయినసారి కండోమ్ వేసుకున్నారా లేదా అది చెప్పు" అన్నాడు. వేసుకున్నాం, కానీ చిరిగింది. "జారడానికి ఏం రాశారు?" కొబ్బరినూనె. తల పట్టుకున్నాడు. నూనె తగిలితే లేటెక్స్ బలహీనపడి చిరుగుతుందట, వాటర్ బేస్డ్ జెల్లీ వాడాలట. ఇన్నేళ్లుగా కండోమ్ ఉంది కదా అన్న ధీమాతో ఉన్నాను నేను!

చిరిగిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా వస్తే అంత మంచిది, హెచ్‌ఐవీ అంటకుండా ఆపే పెప్ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడొచ్చట. నాకు అప్పటికే పది రోజులు దాటాయి. ఒప్పుకుంటున్నావా అని అడిగాకే (2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం అడగాలి) వేలికి సూది గుచ్చి టెస్ట్ చేశారు. నెగెటివ్, కానీ విండో పీరియడ్ (సోకినా టెస్ట్‌లో ఇంకా కనపడని సమయం) ఉంటుంది కాబట్టి మూడు నెలలకి మళ్లీ రమ్మన్నారు. సిఫిలిస్ అనే సుఖవ్యాధికి కూడా అప్పుడే చూశారు. హెచ్‌ఐవీ రాకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్రలు మాత్రం ఇక్కడ ఇవ్వరు, డాక్టర్‌తో చీటీ రాయించుకుని బయట కొనుక్కోవాలి, అవి సిఫిలిస్, గనేరియాలను ఆపవు కాబట్టి కండోమ్ మానొద్దని మరీ మరీ చెప్పాడు.

ఐదో స్టార్ ఎక్కడ పోయిందంటే, అంత క్లాసు పీకాక జెల్లీ ఇవ్వమంటే స్టాక్ లేదన్నారు. కండోమ్‌లు మాత్రం కవర్ నిండా పోశారు, ఫ్రీగానే. సాయంత్రం ఐదింటికే మూసేస్తారు, ఉద్యోగం ఉన్నవాడు లీవ్ పెట్టాల్సిందే. వెళ్లే ధైర్యం లేకపోతే ముందు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ.

మూడు నెలల తర్వాత మా వాడిని కూడా లాక్కెళ్తా. వాడింకా కొబ్బరినూనె సీసా వదల్లేదు.