పాత టెంపో ట్రావెలర్ క్యాంపర్: ఏళ్ల తరబడి నడిపాక నా మాట

మాది నల్లగొండ. 2007 మోడల్ టెంపో ట్రావెలర్‌లో వెనక సీట్లన్నీ తీయించి, మంచాలు, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించుకుని క్యాంపర్‌గా వాడుతున్నాం. హంపి, అరకు, కన్యాకుమారి దాకా ఇంటిల్లిపాదీ ఇందులోనే పోయి వచ్చాం. ఇంత పాత బండితో అంత దూరమా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ధీమాగా పోవచ్చు, కానీ మీటరు చూసి సర్వీసు చేయిస్తే కుదరదు, ఏ సామాను ఎన్నేళ్ల నాటిదో చూసి మార్చాలి. ఎందుకంటే క్యాంపర్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటి ముందు ఎండకు నిలబడే ఉంటుంది. ఇంజన్ అరగదు, రబ్బరు మాత్రం పోతుంది.

రేడియేటర్ హోసులు, ఫ్యాన్ బెల్టు, డీజిల్ పైపులు, బ్రేకు హోసులు, టైర్లు, అన్నీ రబ్బరే కదా. హోసు పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. ఇంజన్ పూర్తిగా చల్లారాక క్లిప్పు పక్కనే బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా దిగి మళ్లీ లేస్తే మంచిదే. లోపల చిట్లినట్టు చప్పుడొచ్చినా, క్లిప్పు వెనక కొద్దిగా ఉబ్బి కనిపించినా, వంచితే సన్న గీతలు పడినా ఆ రోజే మార్చేయండి. నేనైతే హోసులన్నీ ఒకేసారి మార్పించి, తీసినవాటిలో పర్వాలేదనిపించినవి సీటు కింద పెట్టుకుంటా. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడులు లోతుగానే ఉన్నా ఐదారేళ్లు దాటిన టైరుతో మే నెలలో హైవే ఎక్కకండి. స్టెప్నీకి కూడా ఇదే లెక్క, దాన్ని ఎవరూ చూడరు.

ఇక నీళ్ల సంగతి. మా జిల్లా నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, బోరు నీళ్లలో ఉప్పు, సున్నం కూడా ఎక్కువే. ఈ బండి మా చేతికి వచ్చినప్పుడు రేడియేటర్ మూత తీస్తే, నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున పేరుకున్నట్టే లోపల తెల్లగా సున్నం పొర కట్టి ఉంది. ఊళ్లో బాగానే తిరిగేది, విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాటి ఏసీ వేసి ఎత్తు ఎక్కిస్తే చాలు ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి పోయేది. చివరికి రేడియేటర్ విప్పించి, పైన కింద ట్యాంకులు తీసి, సన్న గొట్టాల్లో కడ్డీలు పెట్టి తోమిస్తే గానీ దారికి రాలేదు. అప్పటినుంచి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం, అంతే. రెండేళ్లకోసారి మొత్తం వంపేసి కొత్తది పోయిస్తాం. కూలెంట్ అంటే రంగు నీళ్లు కాదు, తుప్పు పట్టనివ్వదు, మరిగే వేడిని కూడా పెంచుతుంది. రేడియేటర్ మూత స్ప్రింగు బిగువు తగ్గితే కూడా నీళ్లు తొందరగా మరుగుతాయి, తక్కువ ఖరీదు సామాను కాబట్టి ముందు అది మార్చి చూడండి.

ఇంకోటి, వేడెక్కుతోందంటే చాలామంది మెకానిక్‌లు థర్మోస్టాట్ వాల్వ్, అంటే ఇంజన్ వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్లు వదిలేది, పీకేస్తారు. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజన్ వేడి నిలకడగా ఉండదు, చలికాలంలో డీజిల్ ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

శ్రీశైలం దారి ఈ బండికి అసలైన పరీక్ష. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోకి వదలరు కాబట్టి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరికి తెల్లారాకే చేరేట్టు బయల్దేరతాం. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు సెకండ్ గేరులోనే దించాలి, బ్రేకు తొక్కిపట్టి ఉంచకూడదు. ట్యాంకులో 100 లీటర్ల నీళ్లుంటే అది 100 కిలోల బరువు, మంచాలూ సామానూ వేరే. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క, తేమ పట్టిందానికి ఆ లెక్క 140 మాత్రమే. మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. అందుకే అది కూడా రెండేళ్లకు మార్పిస్తాం. ఘాట్ దిగి ఆగగానే నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి, తగలకుండానే వేడి చూస్తా. ఒక చక్రమే మండుతుంటే ఆ వైపు బ్రేకు పట్టేసినట్టో, బేరింగు పోతున్నట్టో.

కరెంటుకు వెనక ఫ్యాను లాంటి సామానుకో బ్యాటరీ, స్టార్టింగ్‌కో బ్యాటరీ విడివిడిగా ఉండాలి, లేదంటే రాత్రంతా ఫ్యాన్ తిరిగి పొద్దున బండి లేవదు. బాడీ మార్పు ఆర్‌సీలో ఎక్కించుకోండి, 15 ఏళ్లు దాటాక ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు టెన్షన్ ఉండదు.

నచ్చనివీ ఉన్నాయి. ఇంజన్ చప్పుడుకు ముందు కూర్చున్నవాళ్లతో గట్టిగా మాట్లాడాలి, 70 దాటి తోలితే వెనక గిన్నెలన్నీ మోగుతాయి. అయినా ఇది మెకానికల్ పంపు ఇంజన్, అంటే డీజిల్ పంపుకు కంప్యూటర్ అక్కర్లేని పాత రకం కాబట్టి జడ్చర్లలో ఆగినా కోదాడలో ఆగినా విప్పగలిగే మనిషి దొరుకుతాడు. నాకు ఆ భరోసానే ముఖ్యం.

ఇలాంటి పాత బండి కొనాలనుకుంటే పొద్దున్నే పోండి, మీరొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చేయి పెడితే చల్లగా ఉండాలి. స్టార్టయ్యాక కాసేపు తెల్లపొగ మామూలే. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా ఆగకుండా వస్తున్నా, ఆయిల్ మూత కింద పాల మీగడలాంటిది కనిపించినా, రేటు ఎంత తగ్గించినా ఆ బండి జోలికి పోవద్దు.