శ్రీరంగపట్నం బెయిలీ చెరసాల: తప్పకుండా చూడండి, గైడ్ మాటతో ఆగిపోకండి

ముందే చెప్పేస్తాను. చోటుకి ఐదుకి ఐదు. మేం మాట్లాడుకున్న గైడ్‌కి ఐదుకి రెండు.

మాది గుంటూరు. మైసూరు వెళ్లేవాళ్లు చాలామంది దారిలో శ్రీరంగపట్నం దిగి రంగనాథస్వామి దర్శనం, టిప్పు వేసవి మహలు చూసుకుని వెళ్లిపోతారు. నేను మాత్రం ఈ చెరసాల చూడాల్సిందేనని పట్టుబట్టాను. 1780లో హైదర్ అలీ దండెత్తి వచ్చినప్పుడు, కంచి దగ్గర ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సేనాని మన్రో సేనతో కలవమని అదే కంపెనీ అధికారి కర్నల్ విలియం బెయిలీకి కబురు వెళ్లింది. ఆయన అప్పుడు ఉన్నది గుంటూరు సీమలోనే. అక్కడి నుంచి దండుతో బయల్దేరాడు, అందులో ఎక్కువమంది సిపాయిలు. దారిలో కొసస్తలయ్యారు నదికి వరదొచ్చి రోజుల తరబడి ఒడ్డునే ఉండిపోయారు. సెప్టెంబర్ 10న పొల్లిలూరు దగ్గర హైదర్, టిప్పు చుట్టుముట్టారు. మందుగుండు బండ్లు పేలిపోయాయి. చావగా మిగిలినవాళ్లు బందీలయ్యారు. మా ఊరి వైపు నుంచి కదిలిన దండు చివరికి ఎక్కడికి చేరిందో కళ్లారా చూడాలని నాకు ఎన్నేళ్ల నుంచో కోరిక.

చెరసాల గుడికి దగ్గర్లోనే ఉంది. మెట్లు దిగి లోపలికి వెళ్లాలి. ఇటుకా సున్నంతో కట్టిన కమానులు, తెల్లటి గోడలు. గోడల్లోంచి రాతి పలకలు బయటికి వచ్చి ఉంటాయి, వాటికి సంకెళ్లు తగిలించే రంధ్రాలు. ఆ రాయికి మణికట్టు ఆనించి నిలబడి చూశాను. రెండు నిమిషాలకే భుజం లాగేసింది. నేల మీద ఒక ఫిరంగి పడి ఉంది. 1799లో ఇంగ్లీషువాళ్లు కోటని ముట్టడించినప్పుడు పైకప్పు పగిలి లోపలికి పడిందని చెబుతారు, అప్పటి నుంచీ అక్కడే ఉంది. బయట ఎంత ఎండ కాస్తున్నా లోపల వెలుతురు తక్కువే. ఒక ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడితే ఆ చోటు ఏమిటో అర్థమవుతుంది.

ఆ ఐదు నిమిషాలే మాకు దొరకలేదు. గైడ్ వచ్చీ రాగానే ఖైదీలను మెడలోతు నీళ్లలో నిలబెట్టేవారని మొదలుపెట్టాడు. బయటపడినవాళ్లు రాసుకున్న వాటిలో ఎక్కువగా కనిపించేది కాళ్ల సంకెళ్లు, మానని గాయాలు, రోగాలు. ఆ కష్టమే చాలదా, ఇంకా పెంచి చెప్పాలా? మా మనవడు ఫిరంగి పక్కన కూర్చుని, “అమ్మమ్మా, ఇక్కడ్నుంచి ఒక్కడు కూడా పారిపోలేదా?” అని అడిగాడు. గైడ్ ఠక్కున, “ఎవ్వరూ పారిపోలేదు, అందరూ చచ్చిపోయారు” అనేసి ఫోటోకి నిలబడమన్నాడు.

నాకు బాధేసింది. పిల్లాడు అడిగింది అసలైన ప్రశ్న. బెయిలీ 1782 నవంబర్‌లో ఇక్కడే ఖైదులో చనిపోయిన మాట నిజమే. కానీ అందరూ కాదు. డేవిడ్ బేర్డ్ అనే అధికారి మూడున్నరేళ్లకు పైగా బందీగా ఉండి, 1784 మార్చిలో మంగళూరు ఒప్పందం కుదిరాక విడుదలయ్యాడు. 1799 మే 4న ఇదే కోట మీద దాడిని నడిపించింది ఆయనే. ఆ ఒప్పందంతో కూడా అందరినీ వదల్లేదు. కుర్రవాళ్లను, పని తెలిసినవాళ్లను ఉంచేసుకుని, మతం మార్చి, అలాంటి బందీలతోనే కట్టిన చేలా దళాల్లో చేర్చారు. పారిపోయినవాళ్లు వీళ్లలోంచే వచ్చారు. చుట్టూ కావేరి ఉన్న ద్వీపం నుంచి పారిపోవడం మాటలు కాదు. మూడో మైసూరు యుద్ధం మొదలయ్యాకే దారి దొరికింది. జేమ్స్ బ్రిస్టో అనే ఫిరంగి సైనికుడు, జేమ్స్ స్కరీ అనే ఓడ కుర్రాడు, ఇద్దరూ దాదాపు పదేళ్ల తర్వాత ఆ యుద్ధ సమయంలోనే, అప్పటికి తమను ఉంచిన వేరే కోటల నుంచి తప్పించుకున్నారు. స్కరీని పట్టుకున్నది మైసూరువాళ్లు కాదు, ఫ్రెంచివాళ్లు. వాళ్లే హైదర్‌కి అప్పగించారు. పారిపోయి తనవాళ్లను చేరుకునేసరికి స్కరీకి కుర్చీలో కూర్చోవడం మర్చిపోయిందట, సొంత భాష సరిగ్గా రాలేదట. ఈ ఒక్క ముక్క చెబితే మా మనవడు జన్మలో మర్చిపోడు. గైడ్ చెప్పనిది తిరుగు దారిలో కార్లో నేనే చెప్పాను. ఇల్లు చేరేదాకా వాడు ఇంకో మాట మాట్లాడలేదు.

వెళ్లేవాళ్లు ముందు దరియా దౌలత్ బాగ్, అంటే టిప్పు వేసవి మహలు, చూడండి. అక్కడ గోడ మీద పొల్లిలూరు యుద్ధం బొమ్మ ఉంది: ఎర్ర కోట్లవాళ్లు నాలుగు వైపులా బారులు తీరి నిలబడ్డారు, మధ్యలో పల్లకీలో బెయిలీ. ఆ బొమ్మ చూసి చెరసాలకి వస్తే లోపలికి ఎవరొచ్చారో మనసులో ఉంటుంది. మేం ముందు చెరసాల, తర్వాత బొమ్మ చూసి పొరపాటు చేశాం. ఓపికుంటే హైదర్, టిప్పుల సమాధి ఉన్న గుంబజ్ దాకా వెళ్లండి, అక్కడ 1816లో బెయిలీ బంధువు ఒకాయన కట్టించిన బెయిలీ స్మారకం ఉంది. లోపల కాసేపు ఉండాలంటే గైడ్‌తో ముందే టైం మాట్లాడుకోండి.

నాకు మిగిలిన వెలితి సిపాయిల గురించి. ఆ రోజుల్లో బెంగాల్లో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవారు, మొదట వెళ్లినవాళ్లలో మన తీరం వాళ్లు అంతమంది ఉన్నారు మరి. బెయిలీ దండులో పట్టుబడ్డ సిపాయిల్లో చాలామందిని మైసూరు సైన్యంలోకే లాక్కున్నారు. బ్రిస్టో, స్కరీ పుస్తకాలు అచ్చయ్యాయి. రాత్రికి రాత్రి అడవి పట్టుకుని తూర్పుకి నడిచిన సిపాయి ఇంటికొచ్చి భార్యకి చెప్పుకున్న కథ ఆ వాకిట్లోనే ఉండిపోయింది. ఏ గైడైనా ఫిరంగి దగ్గర ఆగి ఆ మనుషుల గురించి ఒక్క మాట చెబితే, రెండుగా ఉన్న రేటింగ్‌ని ఐదు చేసి మళ్లీ రాస్తాను.