మూడేళ్లుగా విండోస్ 10లో ఉన్నాను, అక్షరాలు మాత్రం ఎక్స్‌పీలోనే

మా డీటీపీ సెంటర్‌లోని పెద్ద కంప్యూటర్‌ను విండోస్ 7 నుంచి 10కి మార్చి మూడేళ్లు దాటింది. మార్చిన మొదటి నెలలోనే జహీరాబాద్‌లో నాకు తెలిసిన సెంటర్ల వాళ్లందరికీ 'భయపడకండి, మార్చేయండి' అని ధైర్యం చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, అప్పుడు మింగేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. మెనూ ఎలా ఉంటుంది, ఎంత త్వరగా తెరుచుకుంటుంది అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా గోడు మొత్తం బొటనవేలంత ఒక లాక్ గురించి, అంటే పాత తెలుగు టైపింగ్ ప్యాకేజీ నడవాలంటే కంప్యూటర్‌కు గుచ్చి ఉంచాల్సిన యూఎస్‌బీ ముక్క గురించి. నా సంతోషం దాన్ని బతికించిన ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి.

మారడానికి కారణం ర్యామ్. పాతది 32 బిట్ విండోస్. ఎంత ర్యామ్ వేయించినా 4 జీబీ లోపే వాడుకుంటుంది. ఫ్లెక్సీ ఫైళ్లకు అది చాలక 8 జీబీ వేయించాను. దాన్ని వాడుకోవాలంటే 64 బిట్ కావాలి. 32 నుంచి 64కి పైపైన ఎక్కించడం కుదరదు, మొత్తం తుడిచి కొత్తగా వేయాల్సిందే. వేశాను. ప్రింటర్ పలికింది, స్కానర్ పలికింది. రసీదు పుస్తకాల ఫైళ్లలో వరుసలు కిందికి జారిపోతే కాసేపు తల పట్టుకున్నాను. పాత విండోస్‌లో తనంత తానే ఉండే గౌతమి ఫాంటు పదిలో అడిగితేనే వస్తుందని తర్వాత తెలిసింది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్లు ఎక్కిస్తే గౌతమి, వాణి రెండూ వచ్చేశాయి. ఐదు నిమిషాల పని. ఆ ఊపులోనే అందరికీ ఫోన్లు చేసింది.

లాక్ సంగతి మర్నాడు బయటపడింది.

డీటీపీ చేయనివారికి రెండు ముక్కలు చెప్పాలి. మా పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే ఇప్పటి పద్ధతిలోవి కావు. ఇంగ్లిషు అక్షరాలు ఉండాల్సిన గళ్లలో తెలుగు ముక్కలను కూర్చి పెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఇంకో గడిలో ఒత్తు, మరోదాంట్లో కొమ్ము. ఏ మీట నొక్కితే ఏ ముక్కలు కలవాలో చూసుకునేది ఆ ప్యాకేజీతో వచ్చే కీబోర్డు ప్రోగ్రాం. అది కదలాలంటే యూఎస్‌బీలో లాక్ ఉండాలి. లాక్ పలకాలంటే దాన్ని విండోస్‌కు పరిచయం చేసే చిన్న ప్రోగ్రాం, అంటే డ్రైవర్, ఉండాలి. ఆ డ్రైవర్ 32 బిట్‌ది, 64 బిట్ విండోస్‌లోకి ఎక్కదు. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం. ఆశ్చర్యం నాది కూడా. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, ఆ వెర్షన్ ఎప్పుడో ఆపేశాం, కొత్తది మొత్తం డబ్బు కట్టి కొనుక్కోండి అన్నారు. నేను కట్టిన డబ్బులు మొత్తం కావన్నట్టు.

విచిత్రం ఏమిటంటే, ఫాంట్లు మామూలు ఫైళ్లే కాబట్టి అవి ఎక్కాయి. పాత శుభలేఖలు నిక్షేపంగా తెరుచుకున్నాయి. చూడవచ్చు, అచ్చు వేయవచ్చు, ఒక్క అక్షరం దిద్దలేను. సరిగ్గా శ్రావణ మాసం. ఒక పెద్దమనిషి పెద్దకూతురి కార్డు నాలుగేళ్ల కిందట మా దగ్గరే వేయించారు. 'అదే డిజైన్, పేర్లు, ముహూర్తం మార్చు, సాయంత్రం ప్రూఫు చూస్తాను' అని వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం నేను చేసిన పని పాతకాలం అచ్చు కంపోజిటర్ చేసే పనే. ఆయన అరల్లోంచి సీసపు అక్షరాలు ఏరుకునేవాడు, నేను పాత కార్డుల్లోంచి కాపీ చేసి అతికించాను. 'శనివారం' ఒక కార్డులోంచి, 'వృశ్చిక లగ్నం' మరో కార్డులోంచి. లగ్నాలకు లోటు లేదు, ఉన్నవి పన్నెండు రాశులే కదా. పేర్ల దగ్గరే చిక్కొచ్చింది. పెళ్లికూతురు ఝాన్సీ. 'న్సీ' కోసం ఎక్కువ వెతకలేదు, 'ఝ' మాత్రం ఏ కార్డులోనూ లేదు. మా ప్రాంతంలో ఝతో మొదలయ్యే ఆడపిల్లలు ఇంత తక్కువని ఆ రోజే తెలిసింది. చివరికి ఒక బస్సు యాత్ర కరపత్రం గుర్తొచ్చింది. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరస్వామి దర్శనం అని వేసింది. స్వామి దయ వల్ల ఝ దొరికింది. దీర్ఘం ఇంకెక్కడినుంచో తెచ్చి తగిలించాను. కాస్త ఎడంగా వచ్చింది. ప్రూఫు చూసిన పెద్దమనిషి ఏమీ అనలేదు, నాకు మాత్రం ఆ కార్డు ఇప్పటికీ కంట్లో నలుసే.

ఆ రాత్రి మేనల్లుడికి ఫోన్ చేశాను. 'మామయ్యా, పాత కంప్యూటర్ పోయిందని ఏడవకు, కొత్తదాని లోపల పెట్టుకో' అన్నాడు. వర్చువల్‌బాక్స్ అంటే ఒక కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని ఎక్కించి, లోపల నా దగ్గరున్న పాత సీడీతో విండోస్ 7కన్నా పాతదైన విండోస్ ఎక్స్‌పీ వేయమన్నాడు. మొదట తెరుచుకోలేదు. బయోస్‌లో, అంటే కంప్యూటర్ వెలగగానే నడిచే మూల సెట్టింగుల్లో, వర్చువలైజేషన్ ఆపి ఉందన్న సందేశం వచ్చింది. కంప్యూటర్ వెలిగేటప్పుడు డిలీట్ మీట నొక్కి బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేశాను. ఆ తర్వాత పదో విండోస్ మీద ఒక కిటికీలో పచ్చని గుట్ట, నీలాకాశం కనబడ్డాయి. ఎక్స్‌పీకి 512 ఎంబీ ర్యామ్ ఇస్తే చాలు, హాయిగా నడుస్తుంది.

లాక్ విషయమే అసలు విడ్డూరం. పదో విండోస్‌కు ఆ లాక్ ఏమిటో ఇప్పటికీ తెలియదు. తెలియనవసరం లేదు. వర్చువల్‌బాక్స్‌లో యూఎస్‌బీ ఫిల్టర్ పెడితే, ఆ వస్తువును విప్పి చూడకుండా తిన్నగా లోపలి ఎక్స్‌పీ చేతిలో పెడుతుంది. లోపల పాత డ్రైవర్ ఉంది, లాక్ పలికింది, నా వేళ్లకు అలవాటైన కీబోర్డు పలికింది. మొదట కొట్టిన మాట 'ఝాన్సీ'.

ఇక మింగేసిన సంగతులు. 'అచ్చం పాత కంప్యూటరే' అని చెప్పుకుని తిరిగాను, అచ్చం కాదు. నాది రెండో తరం ఐ3 ప్రాసెసర్, పక్కన ఫ్లెక్సీ ఫైలు తెరిచి ఉంటే ఎక్స్‌పీలో అక్షరం కాస్త ఆలోచించి పడుతుంది. అచ్చు నేరుగా లోపలినుంచి వేయను. పీడీఎఫ్‌గా మార్చి, రెండింటికీ ఉమ్మడిగా పెట్టిన ఫోల్డర్‌లో వేసి, బయటినుంచి ప్రింట్ ఇస్తాను. ఒక అడుగు ఎక్కువే. యూపీఎస్ బ్యాటరీ మార్చకుండా బద్ధకించిన రోజుల్లో కరెంటు పోయి, సేవ్ చేయని వార్షికోత్సవ ఆహ్వానం ఒకటి గల్లంతయింది. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి కాబట్టి లోపల నెట్‌వర్క్ పూర్తిగా తీసేశాను. మీరూ ముందు ఆ పని చేయండి, తర్వాతే ఫాంట్లు.

యూనికోడ్‌కు మారిపోవచ్చు కదా అని మా అబ్బాయి అడుగుతాడు. కొత్త పనులు అందులోనే చేస్తున్నాను. మండలి, రామభద్ర, సురన్న ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి, అందంగానూ ఉన్నాయి. కానీ పదిహేనేళ్ల కార్డులు, కరపత్రాలు, రసీదులు పాత ఫాంట్లలో ఉన్నాయి. 'పోయినసారి వేసిందే వెయ్యి' అనే వాళ్ల మీదే నా సెంటర్ నడుస్తోంది.

కాబట్టి మార్చడం మంచిదా కాదా అంటే, లాక్ లేనివారికి నా కథతో పనే లేదు. లాక్ ఉన్నవారు 64 బిట్ జోలికి వెళ్లేముందు దాని డ్రైవర్ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ముందు ఎక్స్‌పీని వర్చువల్‌బాక్స్‌లో నిలబెట్టి, అక్కడ టైపు అవుతోందని చూశాకే పాతది తుడవాలి. నేను వెనకనుంచి ముందుకు చేశాను. ఇంతలో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయాయి. నా ఐ3 విండోస్ 11కు పనికిరాదు. వచ్చే ఏడాది కొత్త కంప్యూటర్ తప్పదేమో. ఈసారి దిగులు తక్కువ, ఎందుకంటే ఎక్స్‌పీ మొత్తం 6 జీబీల ఒక్క ఫైలు, కాపీ చేసుకుపోతే చాలు.

లాక్‌ను మాత్రం కాపీ చేయలేను. వెనకవైపు పోర్టులో పెట్టి ఎర్ర టేపు చుట్టాను. అయినా మా కుర్రాడు ఒకసారి ఎవరిదో పెన్‌డ్రైవ్ కోసం దాన్ని పీకేసి, 'అన్నా, ఇదేమిటి, పని చేయట్లేదు' అని నాకే చూపించాడు. అప్పటినుంచి ఖాళీ దొరికినప్పుడల్లా ఒక ఫైలులో అన్ని గుణింతాలు, ఒత్తులు వరుసగా కొట్టి దాస్తున్నాను. ఝ అయిపోయింది. ప్రస్తుతం ధ గుణింతం దగ్గర ఉన్నాను.