బెంగళూరు ఫిట్‌నెస్ ఎక్స్‌పో: స్టాళ్ళ దగ్గర కాదు, బరువులెత్తే ప్లాట్‌ఫాం దగ్గర కూర్చోండి

పవర్‌లిఫ్టింగ్, ఆర్మ్ రెజ్లింగ్, బాడీబిల్డింగ్ అన్నీ ఒకే కప్పు కింద జరిగే ఎక్స్‌పోకు ప్రేక్షకులుగా వెళ్ళాలనుకుంటే మొదటి రోజు పొద్దున్నే వెళ్ళండి. చాలామంది ఆఖరి రోజు సాయంత్రానికి టికెట్ కొంటారు, ఎందుకంటే ఇన్‌స్టాలో పేరున్నవాళ్ళంతా ఆ పూటే వస్తారు. ఆ పూట మీకు కనిపించేది ముందువాళ్ళు ఎత్తి పట్టుకున్న ఫోన్లే. మొదటి రోజు ఉదయం ఒంటి బరువు తక్కువున్నవాళ్ళ విభాగాలు, ఆడపిల్లల విభాగాలు నడుస్తాయి. కుర్చీలు సగం ఖాళీగా ఉంటాయి. లిఫ్టర్ ఊపిరి బిగబట్టే చప్పుడు కూడా వినిపించేంత దగ్గర్లో కూర్చోవచ్చు. నేను, మా మేనల్లుడు వెళ్ళొచ్చిన ట్రిప్పులో డబ్బుకు తగ్గ విలువ దొరికింది ఆ ఉదయమే.

ముందు దారి సంగతి. మేం చూసింది తుమకూరు రోడ్డులోని బెంగళూరు ఇంటర్నేషనల్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో, అందరూ బీఐఈసీ అనే చోట. మెషిన్ టూల్స్ తయారుచేసేవాళ్ళ సంఘం తమ ప్రదర్శనల కోసం కట్టించుకున్న హాళ్ళు అవి. పెద్ద పెద్ద యంత్రాలు దింపే నేల కాబట్టి రెండు వందల కిలోల బార్ కింద పడినా బెదరదు. ఒకప్పుడు అక్కడికి వెళ్ళాలంటే నాగసంద్రలో మెట్రో దిగి ఆటోవాళ్ళతో బేరమాడాల్సి వచ్చేది. 2024 నవంబర్‌లో గ్రీన్ లైన్‌ను మాదావర దాకా పొడిగించారు. ఇప్పుడు మాదావర స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. కారులో వెళ్తే మాత్రం గొరగుంటెపాళ్య దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది.

మాది అనంతపురం. మనవైపు నుంచి వచ్చేవాళ్ళకు యశ్వంతపూర్‌లో దిగడం అన్నిటికంటే సుఖం, రైల్వే స్టేషన్‌కు ఆనుకునే గ్రీన్ లైన్ మెట్రో ఉంది. 2023 నుంచి నడుస్తున్న కాచిగూడ - యశ్వంతపూర్ వందే భారత్ మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చి మధ్యాహ్నానికి అక్కడ దించుతుంది. అంటే మరుసటి రోజు ఉదయం పోటీలకు సరిగ్గా సరిపోతుంది. టికెట్ బుక్ చేసేటప్పుడు రైలు ఏ స్టేషన్ దాకా వెళ్తుందో ఒకసారి చూసుకోండి. బయ్యప్పనహళ్ళి వైపున్న విశ్వేశ్వరయ్య టెర్మినల్‌లో ఆగే రైలెక్కితే ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకు రావాలి.

బస విషయంలో మూడు దారులున్నాయి. హాలు పక్కనే తుమకూరు రోడ్డు మీద హోటల్ తీసుకోవచ్చు, యశ్వంతపూర్‌లో లాడ్జి చూసుకోవచ్చు, లేదా మల్లేశ్వరంలో ఉండవచ్చు. మేం మొదట హాలు దగ్గరే దిగాం. పేరు చెప్పను గానీ, ఫోన్‌లో చెప్పిన రేటు ఒకటి, కౌంటర్ దగ్గర అడిగింది ఇంకొకటి. "ఎగ్జిబిషన్ ఉంది సార్, ఈ మూడు రోజులూ ఇంతే" అన్నాడు. తెల్లవార్లూ లారీల హారన్లు. గీజర్ ఉంది, వేడి నీళ్ళు లేవు. రాత్రి తొమ్మిది దాటాక చుట్టుపక్కల తినడానికి సరైనది దొరకలేదు. నడిచి హాలుకు వెళ్ళొచ్చన్న ఒక్క లాభానికి ఇంత భరించక్కర్లేదు.

మరుసటి రోజు యశ్వంతపూర్‌కు మారిపోయాం. సాదా లాడ్జి. దుప్పట్లు ఉతికినవి, పొద్దున ఆరు నుంచి వేడి నీళ్ళు, కింద మెస్సులో ఇడ్లీ. ముందు రోజు కట్టినదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. మేనేజర్‌ది హిందూపురం, మా మాట వినగానే తెలుగులోకి వచ్చేశాడు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకైతే మల్లేశ్వరం చెప్తాను. గదులకు కాస్త ఎక్కువ అవుతుంది, కానీ సంపిగె రోడ్ మెట్రో దగ్గర, సాయంత్రం తిరగడానికి బజారుంది, సీటీఆర్ హోటల్లో బెణ్ణె మసాలా దోసె ఉంది. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండే ఆ దోసె కోసం లైన్లో నిలబడొచ్చు. అన్నం, పప్పు, గోంగూర లేకపోతే ఉండలేనివాళ్ళకు రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున హోటల్ ఎలాగూ ఉంది, కాకపోతే ఎక్స్‌పో నుంచి అంత దూరం వెళ్ళి వచ్చే ఓపిక రాత్రిపూట ఉండదు.

ఇక అసలు సంగతి.

పవర్‌లిఫ్టింగ్‌ను టీవీలో చూస్తే ఏమీ తెలియదు. దగ్గర కూర్చుంటే ఒక గంటలో అంతా అర్థమైపోతుంది. స్క్వాట్ అంటే బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం, బెంచ్ ప్రెస్ అంటే బల్ల మీద పడుకుని బార్‌ను ఛాతీ మీంచి పైకి తొయ్యడం, డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీది బార్‌ను పట్టుకుని నిటారుగా నిలబడడం. ఒక్కోదానికి మూడేసి అటెంప్టులు. ఒక్కోదాంట్లో ఎత్తిన గరిష్ఠ బరువులు కలిపితే టోటల్. ముగ్గురు రెఫరీలుంటారు, ముగ్గురి దగ్గరా లైటు వెలిగించే మీట ఉంటుంది. రెండు తెల్ల లైట్లు వెలిగితే లిఫ్ట్ చెల్లినట్టు. స్క్వాట్‌లో తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి, దిగకపోతే ఎర్ర లైటే. స్క్వాట్‌లో మూడూ పోతే ఆ లిఫ్టర్‌కు ఇక టోటల్ ఉండదు. అంతర్జాతీయ సమాఖ్య ఐపీఎఫ్ పెట్టిన ఈ నియమాలే ఇక్కడా పాటించారు.

బార్ మీద ఎంత బరువుందో చూడగానే చెప్పడం నేర్చుకోండి, మజా రెట్టింపవుతుంది. బార్ 20 కిలోలు, ప్లేట్లు జారకుండా బిగించే రెండు కాలర్లు కలిపి 5. ఎర్ర ప్లేటు 25, నీలం 20, పసుపు 15. అటొక ఎర్రది ఇటొక ఎర్రది ఉంటే 75, రెండేసి ఉంటే 125, మూడేసి ఉంటే 175. ఇది తెలిశాక బోర్డు వైపు చూడాల్సిన పనే ఉండదు.

నా పక్క కుర్చీలో మదనపల్లె నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. కూతురు బెంగళూరులోనే ఇంజినీరింగ్ చదువుతోందట, 57 కిలోల విభాగంలో దిగింది. పోటీకి రెండు గంటల ముందు బరువు తూస్తారు కదా, అది అయ్యేదాకా అమ్మాయి నీళ్ళు కూడా కొలిచి తాగిందట. తూచడం అయిపోగానే తినిపించడానికి ఆమె పెరుగన్నం, అరటిపండ్లు డబ్బాలో పెట్టుకొచ్చింది. నియమాలు నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"చూడన్నా, ఆ నల్ల సింగ్లెట్ పాప ఇప్పుడు ఎత్తిందంటే మా పిల్ల నాలుగో ప్లేసుకు పోతాది" అంది.

ఆ పాప ఎత్తేసింది. వెంటనే ఈమె కూతురి కోచ్ టేబుల్ దగ్గరికి పరుగెత్తి, ముందు రాసిచ్చిన 140ని 145 చేయించాడు. డెడ్‌లిఫ్ట్ మూడో అటెంప్టులో అలా మార్చుకునే వీలుంది. చివరి పది నిమిషాల్లో కోచ్‌లంతా కాగితం, పెన్ను పట్టుకుని లెక్కలు వేస్తూ పరుగులు తీసేది అందుకే. అటువైపూ ఇటువైపూ రెండేసి ఎర్ర ప్లేట్లు, ఒక్కో పది. లోడర్లు కాలర్లు బిగించి పక్కకు జరిగారు. పేరు పిలిచారు. బార్ సిద్ధమని చెప్పాక నిమిషంలోపు మొదలుపెట్టాలి.

అమ్మాయి తొడలకు పౌడర్ రాసుకుంది, బార్ జారడానికి. అరచేతులకు చాక్ పట్టించింది, బార్ జారకుండా. మోకాలి కింద దాకా మేజోళ్ళు. ఒక అరచెయ్యి తనవైపు, ఇంకోటి బయటివైపు ఉండేలా బార్ పట్టుకుని లాగింది. బార్ కదిలింది, మోకాళ్ళ దగ్గర ఆగినట్టే ఆగింది. అలా ఆగిన బార్ మళ్ళీ కిందికి దిగితే లిఫ్ట్ పోయినట్టే. దిగలేదు. వేలి ముదురు చర్మం చిట్లి చాక్ మీద సన్నటి ఎర్రగీత పడింది, అది కూడా కనిపించేంత దగ్గర్లో ఉన్నాం. మోకాళ్ళు బిగిశాయి, భుజాలు వెనక్కి వెళ్ళాయి, రెఫరీ చెయ్యి దించి "డౌన్" అన్నాడు. మూడు తెల్లవి. పక్కనున్న తల్లి లేచి నిలబడి నా భుజం మీద గట్టిగా చరిచింది. మూడో స్థానం.

అప్పుడు నాకు గుర్తొచ్చింది కరణం మల్లేశ్వరి. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో ఆమె బార్‌ను ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. కానీ చివరి అటెంప్టుకు 130 నుంచి ఒక్కసారే 137.5కు వెళ్ళారు. అది నిలిచి ఉంటే 247.5, స్వర్ణం మనదే. నిలవలేదు. ఎంత బరువు అడగాలన్న లెక్క ఎత్తడమంత కష్టమైన పని అని ఇక్కడ కోచ్‌ల పరుగులు చూశాకే నాకు నిజంగా తెలిసింది. ఆమెది వెయిట్‌లిఫ్టింగ్, ఇది పవర్‌లిఫ్టింగ్. ఆటలు వేరు, కానీ ఆ అంకెల టెన్షన్ ఒకటే. మల్లయోధుడు కోడి రామమూర్తి పుట్టిన సిక్కోలు, వెయిట్‌లిఫ్టర్ మత్స సంతోషి ఊరైన విజయనగరం జిల్లా కొండవెలగాడ, ఇంత చరిత్ర పెట్టుకుని మనవాళ్ళు ఇలాంటి పోటీలకు ప్రేక్షకులుగా రాకపోవడం నాకు బాధనిపిస్తుంది.

నిర్వాహకులు ఒకటి తప్పకుండా సరిచేసుకోవాలి. ప్లాట్‌ఫాంకు ఇరవై అడుగుల దూరంలో ఒక సప్లిమెంట్ కంపెనీకి డీజే స్టేజీ ఇచ్చారు. బెంచ్ ప్రెస్‌లో బార్ ఛాతీ మీద ఆగాక రెఫరీ "ప్రెస్" అన్నాకే పైకి తొయ్యాలి. ఆ మాట వినపడాలి కదా! ఒక కుర్రాడు పాట మధ్యలో అరుపు విని అదే కమాండ్ అనుకుని తోసేశాడు. మూడు ఎర్రవి. నెలల తరబడి కష్టపడి వచ్చినవాడు అలా పోగొట్టుకుంటే చూస్తున్న మాకే కడుపు మండింది. మధ్యాహ్నం తర్వాత ఎవరో గట్టిగా అడిగితే సౌండ్ తగ్గించారు. ఆ పని పొద్దున్నే చేయాల్సింది. తాగే నీళ్ళు కూడా ఒక్క మూలే పెట్టారు, అక్కడా లైనే. సీసా నింపుకుని లోపలికి వెళ్ళండి.

ఆర్మ్ రెజ్లింగ్ టేబుల్ దగ్గర జనం ఎప్పుడూ మూగే ఉంటారు. మోచెయ్యి ప్యాడ్ మీంచి లేస్తే ఫౌల్, పట్టు జారితే చేతులు కలిపి బెల్టుతో కడతారు. బలం కంటే మణికట్టు తిప్పడంలో పనితనం ఎక్కువ. సన్నగా ఉన్న ఒకాయన తనకంటే రెట్టింపు ఉన్న మనిషిని కదలనివ్వకపోవడం చూసి మా మేనల్లుడు నోరు తెరిచాడు. బాడీబిల్డింగ్ స్టేజీ నేను ఎక్కువసేపు చూడలేదు. దాని మీద ఇష్టమున్నవాళ్ళు ముందు రెండు వరసల్లో చోటు కోసం గంట ముందే వెళ్ళాలి.

స్టాళ్ళ గురించి మేనల్లుడితో చిన్న వాదన జరిగింది. వాడు జిమ్‌లో రెండేళ్ళుగా చేస్తున్నాడు.

"మామా, ఇక్కడ వే ప్రోటీన్ సగం రేటంట, రెండు డబ్బాలు తీసుకుందామా?"

"ముందు లేబుల్ చదువురా. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ పద్నాలుగు అంకెలు ఉండాల. తయారీ తేదీ చూడు, ఎక్స్‌పైరీ చూడు. సగం రేటుకు ఎందుకిస్తాండారో అప్పుడు తెలుస్తాది."

ఆ డబ్బా గడువు ఇంకో రెండు నెలలే ఉంది. ఒకటి తీసుకున్నాం, వాడు అంతలో తాగేస్తాడు కాబట్టి. ఉచిత శాంపిళ్ళ విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తాను: పోటీల్లో దిగే పిల్లలు వాటి జోలికి వెళ్ళకూడదు. డోపింగ్ నియమాల ప్రకారం ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే, తెలియక తాగానంటే ఒప్పుకోరు. పేరు తెలియని పొడి ఒక కాగితపు కప్పులో కలిపి ఇస్తే తాగి, తర్వాత సస్పెండ్ అయితే ఆ కంపెనీవాడు వచ్చి నిలబడడు. స్టాళ్ళలో నిజంగా పనికొచ్చింది బెల్టులు, మణికట్టుకు చుట్టుకునే రిస్ట్ రాప్స్ అమ్మే చిన్న దుకాణం. బెల్టు నడుముకు బిగించి చూపించి, ఐపీఎఫ్ నియమాల్లో వెడల్పు 10 సెంటీమీటర్లు మించకూడదని అమ్మినాయనే చెప్పాడు.

టికెట్ ఒక్క రోజుదే తీసుకోండి, మూడు రోజుల పాసు ప్రేక్షకుడికి అవసరం లేదు. ముందుగా ఆ రోజు ఏ విభాగాలున్నాయో షెడ్యూల్ అడగండి. టికెట్ కౌంటర్లో తెలియకపోతే పవర్‌లిఫ్టింగ్ టేబుల్ దగ్గరి వలంటీర్లకు తెలుస్తుంది. లోపల తిండి ఖరీదు, రుచి మామూలు. మదనపల్లె తల్లిలా డబ్బా కట్టుకెళ్ళినవాళ్ళే హాయిగా తిన్నారు.

మా ఊరి హైస్కూల్లో బార్ పట్టడం నేర్చుకుంటున్న ఆడపిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. వచ్చే ఏడు వాళ్ళను, వాళ్ళ పీఈటీ మేడంను మొదటి రోజు పొద్దున్నే తీసుకెళ్ళాలని ఉంది. యశ్వంతపూర్ లాడ్జి మేనేజర్‌ను అడిగి పెట్టాను. పిల్లలకు పెద్ద గది, మేడంకు పక్క గది, ఉదయం ఐదున్నరకే వేడి నీళ్ళు ఇస్తానన్నాడు.