హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీ: క్లబ్బు ఢిల్లీ వెళ్లిపోయాక కొనొచ్చా?

ముందే తేల్చి చెప్పేస్తా. మన ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22 సీజన్ పసుపు జెర్సీ, అభిమానుల కోసం చేసే మామూలు ఫ్యాన్ వెర్షన్, వెనక పేరు లేనిది దొరికితే కొనండి. ‘ప్లేయర్ ఇష్యూ’ (ఆటగాళ్ల కోసం చేసింది) అని చెప్పి రెట్టింపు ధర పెట్టినవాటి జోలికి పోకండి. ఆ తర్వాతి సీజన్లవి బాగా తగ్గించి ఇస్తేనే ఆలోచించండి. 2025 అక్టోబరులో క్లబ్బు పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది కాబట్టి ఇక కొత్త సరుకు రాదు. ఉన్నదల్లా జనం బీరువాల్లో ఉన్నదీ, అమ్ముడుపోక మిగిలిందీ. బేరం ఆడేవాడికి బట్ట గురించీ తెలియాలి, క్లబ్బు లెక్కల గురించీ తెలియాలి.

ఆ ఒక్క సీజనే ఎందుకంటే, ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది అప్పుడే. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో 1-1, ఆపైన పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపేసి 3-1. రెండు క్లబ్బులదీ పసుపే. లీగ్‌లో మనవాళ్లు 38 పాయింట్లతో రెండో స్థానంలో ఉన్నారు, కేరళ మన వెనక ఉంది. అందువల్ల పసుపు వేసుకునే హక్కు మనకు దక్కి, వాళ్లు నల్ల జెర్సీతో దిగారు. స్టాండ్స్‌లో పసుపంతా వాళ్లది, మైదానంలో పసుపు మనది. ఆ ఏడాది జెర్సీలు తయారుచేసింది డెన్మార్క్ కంపెనీ హమ్మెల్.

ఇక్కడే ఒక జాగ్రత్త. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. మన సొంత మైదానం గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ‘గచ్చిబౌలి మ్యాచ్‌లో ఆటగాడు వేసుకున్నది, ఛాంపియన్ సీజన్’ అని ఎవరైనా అమ్మజూపితే అక్కడితో మాట ఆపేయండి.

బట్ట సంగతి. ఏ క్లబ్బుదైనా ఫ్యాన్ వెర్షన్ నూటికి నూరుపాళ్లు పాలిస్టరే, చదరపు మీటరుకు దాదాపు 140 నుంచి 160 గ్రాములు తూగుతుంది. కోత కాస్త వదులు. లోగో ఎక్కువగా దారంతో కుట్టిందో, నేసి అతికిందో ఉంటుంది. ఆటగాళ్ల కోసం చేసేది దీనికంటే పల్చన, వీపు మీదా చంకల కిందా జల్లెడ అల్లిక, కోత ఒంటికి అతుక్కునేట్టు. బరువు తగ్గాలని లోగోను రబ్బరు స్టిక్కరులా వేడితో అంటిస్తారు. నలభై ఉతుకులు బతకాలని దాన్ని తయారుచేయరు, తొంభై నిమిషాలు తేలిగ్గా ఉంటే చాలు. అంచులు ముందు లేస్తాయి, తర్వాత మధ్యలో పగుళ్లు వస్తాయి. డబ్బు ఎక్కువ పెట్టి తక్కువ మన్నికైన వస్తువు కొనడం ఎందుకు? పైగా ముప్పై దాటిన మన పొట్టల మీద ఆ కోత అస్సలు కుదరదు.

పల్చటి బట్ట ఆటగాళ్లకైనా అన్నిసార్లూ మంచిది కాదు. 2023లో ఇంగ్లండ్ క్లబ్బు ఆస్టన్ విల్లా ఆటగాళ్లకు కాస్టోర్ కంపెనీ చేసిన జెర్సీలు చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోతున్నాయని పెద్ద గొడవే అయింది. మరుసటి ఏడాది ఆ క్లబ్బు అడిడాస్‌కు మారింది. చెమట పీల్చి బయటికి వదలాల్సిన అల్లిక నీళ్లను పట్టి ఉంచితే ఎంత ఖరీదైన జెర్సీ అయినా తడి తువ్వాలే.

ప్రింట్ దగ్గర ఎక్కువమంది మోసపోతారు. పాలిస్టర్ మీద డిజైను రెండు రకాలుగా వేస్తారు. ఒకటి సబ్లిమేషన్: దాదాపు 200 డిగ్రీల వేడిలో రంగు ఆవిరై పోగులోకే దిగుతుంది, గోటితో గీకినా ఊడదు. రెండోది వినైల్ స్టిక్కర్: సుమారు 150 డిగ్రీల దగ్గర పది, పదిహేను సెకన్లు నొక్కితే అంటుకుంటుంది. పేర్లు, నంబర్లు, చాలాసార్లు స్పాన్సర్ లోగోలు ఈ రెండో రకమే. ముదురు రంగు సబ్లిమేషన్ జెర్సీ మీద తెల్ల వినైల్ నొక్కితే కింది రంగు మళ్లీ ఆవిరై పైకి ఎక్కుతుంది. మొదటి రోజు తెల్లగా ఉన్న నంబరు కొన్నాళ్లకు మురికిపట్టినట్టు కనిపిస్తుంది. దాన్ని అడ్డుకునే పొర ఉన్న వినైల్ వేరే ఉంటుంది, వీధి చివర ప్రింటింగ్ షాపువాడు అడగనిదే వాడడు. పసుపు మీద నల్ల నంబరుకు ఈ తంటా లేదు. మన జెర్సీకి రంగు పరంగా ఉన్న పెద్ద లాభం ఇదే.

నకిలీని పట్టుకోవడానికి జెర్సీని తిరగేసి చూడండి. లోపల మెడ దగ్గర సైజు గుర్తు, పక్క కుట్టులో ఉతుకు సూచనల పట్టీ, దాని మీద సరుకు నంబరు ఉండాలి. కుట్టిన లోగో వెనక దారాలు శుభ్రంగా కత్తిరించి, పలచటి అస్తరు ఉంటుంది. నకిలీలో దారాలు వేలాడుతుంటాయి. హమ్మెల్ బట్టలకు భుజాల మీద ఉండే వి ఆకారపు పట్టీలు రెండు భుజాల మీదా ఒకే దూరంలో మొదలవుతున్నాయా చూడండి. అమ్మేవాణ్ని మూడు ఫొటోలు అడగండి: లోపలి పట్టీ, లోగో వెనకవైపు, చంక దగ్గరి కుట్టు. మూడోది పంపడానికి నసిగితే అక్కడ బట్ట పసుపు మానేసి గోధుమ రంగులోకి వచ్చిందని అర్థం.

మరి తర్వాతి సీజన్లవి ఎందుకు వద్దంటున్నానంటే, క్లబ్బు జేబు ఖాళీ అయినప్పుడు ఆ దెబ్బ జెర్సీ మీద కనిపిస్తుంది. మన దేశంలో జెర్సీ కంపెనీ క్లబ్బుకు కోట్లు కుమ్మరిస్తుందని కొందరు అభిమానుల ఊహ. అంత లేదు. ఒప్పందంలో ఎక్కువ భాగం సరుకే: 30 మంది ఆటగాళ్లు, మూడు డిజైన్లు, తలా రెండేసి అనుకున్నా 180 మ్యాచ్ జెర్సీలు, ప్రాక్టీసు బట్టలు, ప్రయాణపు బట్టలు వేరే. ఫ్యాన్ జెర్సీ అమ్మితే అందులో క్లబ్బుకు ఎంతో కొంత వాటా. ఇదంతా సవ్యంగా నడవాలంటే నెలల ముందే ఆర్డరు పడాలి, ఛాతీ మీద స్పాన్సర్ ఎవరో తేలాలి. డబ్బుల్లేని క్లబ్బుకు స్పాన్సర్ చివరి నిమిషం దాకా కుదరడు. జెర్సీ ఆలస్యం అవుతుంది, అమ్ముడుపోయే తొలి నెలలు చేజారిపోతాయి. లోగో హడావిడిగా అంటిస్తే ముందు ఊడేదీ అదే. పాత అభిమానులు ‘కంపెనీ మార్చండి’ అని ఎంత మొత్తుకున్నా కంపెనీ మార్పుతో తీరే రోగం కాదిది.

రోగం జీతాలది. 2021-22లో విజేతకు బహుమతి 6 కోట్లు. ఆటగాళ్ల జీతాల పరిమితే 16.5 కోట్లు. అంటే కప్పు కొట్టినా జీతాల్లో సగం కూడా రాదు, మిగతాది యజమాని జేబులోంచే. ఆ యజమాని చేతులెత్తేస్తే ఏమవుతుందో ఫిఫా నిబంధనల్లోనే ఉంది. రెండు నెలల జీతం ఆగితే ఆటగాడు రాతపూర్వకంగా నోటీసిచ్చి కనీసం 15 రోజుల గడువు పెట్టొచ్చు. అప్పటికీ రాకపోతే ఒప్పందం తెంచుకుని ఉచితంగా వెళ్లిపోవచ్చు. క్లబ్బు బకాయి కట్టాలని ఫిఫా తీర్పు వచ్చాక 45 రోజుల్లో కట్టకపోతే కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం, గరిష్ఠంగా వరసగా మూడు ట్రాన్స్‌ఫర్ విండోల (ఆటగాళ్లు క్లబ్బు మారేందుకు తెరిచే గడువుల) దాకా. ఉన్నవాడు పోతాడు, కొత్తవాణ్ని తెచ్చుకోలేరు.

2023-24లో అచ్చం ఇదే జరిగింది. సెప్టెంబరులో మొదలైన సీజన్ జనవరి విండోకి వచ్చేసరికి విదేశీయులు దాదాపు ఖాళీ. యాసిర్ గోవాకు, నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా బెంగళూరుకు వెళ్లిపోయారు. కుర్రాళ్లతో నెట్టుకొచ్చి 22 మ్యాచ్‌ల్లో 1 గెలుపు, 8 పాయింట్లు. అంతకుముందు ఏడాదే 20 మ్యాచ్‌ల్లో 42 పాయింట్లు తెచ్చుకున్న జట్టిది. 2021లో లిస్టన్ కొలాసోని మోహన్ బగాన్‌కు మంచి రేటుకు అమ్మిన క్లబ్బుకు ఈ ఆటగాళ్ల మీద అలాంటి రేటు దక్కలేదు. ఆ కుర్రాళ్లను తప్పుపట్టడం మాత్రం అన్యాయం.

అందుకే వెనక పేరు వద్దంటున్నా. తప్పదనుకుంటే ఆ కప్పు సీజన్లో 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే పేరో, జట్టంతా చెల్లాచెదురైనా మిగిలిన జువావ్ విక్టర్ పేరో వేయించుకోండి. పాత పేరు తీసేసి కొత్తది వేయిస్తామనే షాపులున్నాయి. స్టిక్కరు వేడితో ఊడుతుంది కానీ కింద అక్షరాల నీడ మిగిలిపోతుంది, ఏళ్ల తరబడి ఎండ తగలని చోటు కదా.

తప్పెవరిది అన్న వాదన ఇప్పట్లో తెగదు. పాత యజమానులని కొందరు, డబ్బు రాని లీగ్‌ని నడిపినవాళ్లదని కొందరు. 2024లో పగ్గాలు పట్టిన బీసీ జిందాల్ గ్రూప్ జట్టును ఢిల్లీకి తీసుకెళ్లిందని ఇంకొందరు. నా మటుకు నేను తప్పులో ఎక్కువ వాటా పాత యజమానులకే వేస్తా, ఒప్పుకున్న జీతం ఇవ్వడం లీగ్ పని కాదు. ఇకపోతే, ఈ ఫ్రాంచైజీ 2019లో పుణె సిటీ స్థానంలో మనకొచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణెవాళ్లకు అప్పుడు జరిగిందే మనకు ఇప్పుడు జరిగింది. లీగ్‌లో కిందికి పడిపోవడం లేని రోజుల్లోనూ ఊరే మారిపోవడం ఉంది. శ్రీనిధి డెక్కన్ అనే మరో క్లబ్బు కూడా ఐ-లీగ్ (దేశంలో రెండో స్థాయి లీగ్) చోటు విశాఖ పేరుతో తీసుకుని ఆడింది హైదరాబాద్‌లోనే. ఏ క్లబ్బు సీజన్ పాస్ అయినా ఏడాదికి మించి తీసుకోకండి.

కొన్నాక చూసుకోవడం తేలికే. తిరగేసి, చల్లటి నీళ్లలో, 30 డిగ్రీలు దాటకుండా ఉతకండి. కంఫర్ట్ లాంటివి వేయొద్దు, అది పోగుల మీద పొరగా పేరుకుని చెమట పీల్చే గుణాన్ని చంపేస్తుంది. బజ్జీ నూనె పడితే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు రుద్ది పది నిమిషాలు ఆగండి, పాలిస్టర్ నూనెను అంత తేలిగ్గా వదలదు. నీడన ఆరేయండి. ఇస్త్రీ పెట్టె ప్రింట్ మీదికి రానే కూడదు.

సైజు విషయంలో పట్టీ మీద అక్షరాన్ని నమ్మకండి. మీకు సరిపోయే టీషర్టు ఒకటి పరిచి ఈ చంక నుంచి ఆ చంకకు అంగుళాల్లో కొలవండి. అమ్మేవాణ్నీ అదే కొలత టేపు పెట్టి ఫొటో తీసి పంపమనండి. ఒక అంగుళం ఎక్కువున్నా తీసుకోండి, అర అంగుళం తక్కువున్నా వదిలేయండి. పాలిస్టర్ సాగదు, మనమే సాగుతాం.