సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు ముందు చక్రం దగ్గర కూర్చుని చూడండి

ఎడమ చెయ్యి కట్టులో ఉంది. కుడి చేత్తో ఒక్కో అక్షరమే కొడుతున్నాను, అయినా మొత్తం రాసే లేస్తాను. ఈ సీజన్‌లో మన వైపు చాలామంది పాత బళ్ళు కొంటారు. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

నేను కొన్న బండికి అంతకుముందే పెద్ద యాక్సిడెంట్ అయింది. ఆ సంగతి దాచి, రంగు కొట్టి నాకు అమ్మారు. నాకు తెలిసింది నేను పడ్డాకే.

మాది పాలకొల్లు దగ్గర ఊరు, ఉద్యోగం భీమవరంలో. వీరవాసరం మీదుగా రోజూ వెళ్ళి రావాలి. బస్సు టైములు కుదరక ఫిబ్రవరిలో ఒక ఆటో కన్సల్టెన్సీకి వెళ్ళాను. ఐదేళ్ళ నాటి 125 సీసీ బండి చూపించారు. 62 వేలు చెప్పి 57కి ఇచ్చారు. ట్యాంకు అద్దంలా మెరుస్తోంది. "మాస్టారి బండండి, స్కూలుకీ ఇంటికీ తప్ప తిరగలేదండి, వెన్నపూసలా నడుస్తుందండి" అన్నారు. మా బావ కూడా వచ్చాడు. ఇద్దరం ఇంజిను శబ్దం విన్నాం, పొగ చూశాం, మీటరు చూశాం. ముందు చక్రం దగ్గర వంగి చూడాలని ఇద్దరికీ తోచలేదు.

మొదటి వారంలోనే హ్యాండిల్ ఎడమకి లాగుతున్నట్టు అనిపించింది. ఫోన్ చేస్తే "టైరు అరుగుదలండి, గాలి పట్టించండి" అన్నారు. గాలి పట్టించాను. తగ్గలేదు. ముందు టైరు మార్పించాను. అయినా తగ్గలేదు. ఆఫీసుకి వెళ్ళేసరికి కుడి భుజం నొప్పి పుట్టేది. అప్పుడైనా విప్పించి చూపించాల్సింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ రెండు నెలలు తిరిగేశాను.

ఏప్రిల్‌లో దాళ్వా కోతలు జోరుగా ఉంటాయి కదా. కాలువ గట్టు రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి, అంచు పొడుగునా రాళ్ళు పేర్చి ఉన్నాయి. రైతుల్ని నేను తప్పు పట్టను, ఆరబెట్టుకోవడానికి వాళ్ళకి వేరే చోటు లేదు. సాయంత్రం ఆరున్నర అయి ఉంటుంది. ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. నా స్పీడు నలభై లోపే. రెండు బ్రేకులూ కలిపే పట్టాను. అంతే, హ్యాండిల్‌ని ఎవరో ఎడమ వైపు చేత్తో పట్టి లాగినట్టు తిరిగిపోయింది. చక్రం రాళ్ళ మీదుగా ధాన్యంలోకి దూరింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది హెల్మెట్ రాయికి తగిలిన చప్పుడు, భుజం కింద ఏదో విరిగిన చప్పుడు. బండి జారుకుంటూ వెళ్ళి కాలువ అంచున ఆగింది.

ధాన్యం తిరగేస్తున్న ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో పెద్దాయన నా తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, హెల్మెట్ ఎవరినీ లాగనివ్వలేదు. "బాబూ, మెడ నొప్పుందా? వేళ్ళు కదుపు" అని అడిగి, 108 వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. ఆయన రుణం తీర్చుకోలేను. పక్కనున్న కుర్రాడు పోలీసు కేసవుతుందేమో అని భయపడ్డాడు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడే, గాయపడినవాళ్ళని మంచి మనసుతో ఆదుకున్నవాళ్ళకి రక్షణ చేర్చారు. పేరు చెప్పమని వాళ్ళని బలవంతం చెయ్యకూడదు. ఇది మీ ఇంట్లో పిల్లలకి కూడా చెప్పండి.

కాలర్ బోన్ విరిగింది, మణికట్టుకి క్రాక్. తలకి ఏమీ కాలేదు. హెల్మెట్ పైన ఒక గీత మాత్రమే ఉంది, కానీ లోపలి గుడ్డ తీసి చూస్తే థర్మకోల్ ఒకచోట గోరంత లోతుకి నొక్కుకుపోయింది. అది నలిగి ఆ దెబ్బని తను తీసుకుంది. అందుకే ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్‌ని, పైకి బాగానే ఉన్నా, మళ్ళీ పెట్టుకోకూడదు. ఇక్కడ ఇంకో మాట. కన్సల్టెన్సీ వాళ్ళు బండితో పాటు ఒక హెల్మెట్ ఫ్రీగా ఇచ్చారు. మా అక్క దాన్ని చేత్తో రెండు పక్కలా నొక్కితే డొప్పలా లోపలికి వంగింది, లోపల స్పాంజి తప్ప థర్మకోలే లేదు. "ఇది పెట్టుకుని రోడ్డెక్కకురా" అని దాన్ని పక్కన పడేసి, ఐఎస్ఐ మార్కుది తనే కొనిపెట్టింది. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ మార్కు లేని టూవీలర్ హెల్మెట్ అమ్మకూడదు. మార్కు పైన ఐఎస్ 4151 అనీ, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరూ ఉండాలి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరి లైసెన్సో చూపిస్తుంది. స్టిక్కరు ఎవరైనా అతికించవచ్చు, అందుకే నంబరు కొట్టి చూడండి.

నాలుగు రోజుల తర్వాత మా ఊరి మెకానిక్ బండి ముందు భాగం విప్పాడు. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు ఫోర్క్ గొట్టాలూ తీసి, తుడిచి, షాపు మెట్టు మీదున్న గ్రానైట్ పలక మీద పెట్టి వేలితో దొర్లించాడు. కుడి గొట్టం నున్నగా దొర్లింది. ఎడమది ప్రతి చుట్టుకీ ఒకచోట పైకి లేచి పడుతోంది. కింద సన్నటి వెలుతురు గీత కనపడి మాయమవుతోంది. ఇది నేను పడ్డప్పటి వంకరే కదా అన్నాను. ఆయన గొట్టాన్ని ఎండలోకి తీసుకెళ్ళి వంపు దగ్గర చూపించాడు. క్రోమ్ మీద వెంట్రుకల్లాంటి చీలికలు, వాటి లోపల ఎర్రటి తుప్పు. "పడి నాలుగు రోజులేగా బాబూ. ఈ తుప్పు నెలల నాటిది. ఇది ఒకసారి వంగితే ప్రెస్సులో పెట్టి బెండు తీశారు, ఇప్పుడు అక్కడే మళ్ళీ వంగింది" అన్నాడు.

తర్వాత ఛాసిస్ మెడ మీద, అంటే ఫోర్క్ బిగించే చోట, థిన్నర్ గుడ్డతో రుద్దాడు. నల్ల రంగు కింద పుట్టీ, పుట్టీ కింద కంపెనీది కాని వెల్డింగ్. హ్యాండిల్ ఎక్కువ తిరగకుండా ఆపే స్టాపర్ కూడా కొత్తగా అతికించిందే. హ్యాండిల్ తిరగడానికి మెడలో ఉండే బేరింగు, అదే కోన్ సెట్, తీస్తే బాల్స్ కూర్చునే చోట గుంటలు. ఎదురుగా బలంగా గుద్దుకున్న బండిలో చక్రం వెనక్కి నెట్టుకుపోయి ఫోర్క్ గొట్టాలు వంగుతాయి, మెడ మీద లోడు పడుతుంది. అలాంటి గొట్టాన్ని సరిచేసినా అది మునుపటిలా గట్టిగా ఉండదు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది కాబట్టి, మామూలుగా నడిపేటప్పుడు కాస్త లాగే బండి, సరిగ్గా బ్రేకు అవసరమైనప్పుడే చేతికి లొంగదు.

కన్సల్టెన్సీకి వెళ్ళి అడిగితే "మీరు చూసుకునే కదండీ తీసుకున్నారు" అన్నారు. నేను సంతకం పెట్టిన డెలివరీ కాగితంలో, బండి ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని రాసి ఉంది. సంతకం పెట్టేటప్పుడు అది నేను చదవలేదు. దయచేసి మీరు చదవండి. నాకు నోటితో చెప్పిన మాటలు ఒక్కటీ కాగితం మీద లేవు. "యాక్సిడెంట్ కాని బండి" అని రాసి ఇమ్మని అడగండి. రాయనంటే ఆ బండి వదిలేయండి.

ఇన్సూరెన్స్‌లో ఇంకో దెబ్బ తగిలింది. పేరు మార్పులన్నీ మేమే చూస్తామన్నారు. నేను పడేనాటికి సి-బుక్కూ మారలేదు, పాలసీ కూడా పాత ఓనరు పేరు మీదే ఉంది. బండి డ్యామేజీ క్లెయిము తిప్పి పంపేశారు. బండి అమ్మినప్పుడు థర్డ్ పార్టీ కవరు (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి) కొన్నవాళ్ళకి దానంతటదే వస్తుంది, సొంత డ్యామేజీ కవరు (మన బండికి జరిగే నష్టానికి) రాదు. కొన్న 14 రోజుల్లో పాలసీ మార్పుకి మనమే దరఖాస్తు పెట్టుకోవాలి. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవరు కూడా ఓనరు పేరు మీదే ఉంటుంది. మధ్యవర్తి మాట నమ్మి ఆగకండి.

ఆ పాలసీ కాగితం చూసి ఉంటే నాకు ముందే అనుమానం వచ్చి ఉండేది. అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చెయ్యని ఓనరుకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా అని ఉంది. ఒకే ఓనరు దగ్గర వరుసగా నాలుగేళ్ళు క్లెయిము లేకపోతే ఆ బోనస్ 45 శాతం ఉండాలి. ఓనరు మారినా, రెన్యూవల్ 90 రోజులు దాటిపోయినా బోనస్ పోతుంది కాబట్టి, సున్నా ఉన్న ప్రతి బండీ గుద్దుకున్న బండి అని కాదు. కానీ సున్నా ఎందుకయిందో అడిగి తీరాలి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఎన్నో ఓనరో, ఫైనాన్స్ ఉందో లేదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో వస్తుంది. "మాస్టారి బండి" అన్నది మూడో ఓనరుది. రెండు నిమిషాల పని, నేను చెయ్యలేదు.

ఇక బండి దగ్గర చూడాల్సినవి. పొద్దున్నే వెలుతుర్లో చూడండి, మీ మెకానిక్‌ని తీసుకెళ్ళండి, ఆయనకి ఇచ్చే మూడు నాలుగు వందలు ఎక్కువ అనుకోకండి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా తిప్పండి. మధ్యలో టక్కున ఆగినట్టు ఉంటే కోన్ సెట్ పోయిందన్నమాట. రెండు వైపులా పూర్తిగా తిప్పి హ్యాండిల్‌కీ ట్యాంకుకీ మధ్య సందు ఒకేలా ఉందో లేదో చూడండి. స్టాపర్ మీదా మెడ మీదా రంగు మిగతా ఛాసిస్ కంటే కొత్తగా ఉంటే ఎందుకని అడగండి. హెడ్‌లైటు, ఇండికేటర్లు, మడ్‌గార్డు అన్నీ కొత్తవై, ఫుట్‌రెస్టు రబ్బర్లు మాత్రం అరిగిపోయి ఉంటే అనుమానించండి. పురికొస తీసుకుని వెనక టైరు పక్క నుంచి ముందు టైరు దాకా బిగించి పట్టుకుంటే రెండు చక్రాలూ ఒక వరసలో ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. టైరు మీద కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. చివరిగా ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి, పట్టు వదలకుండా కాస్త సడలించి చూడండి, మెల్లగా బ్రేకు వేసి చూడండి. ఒక పక్కకి లాగితే, వాళ్ళు ఏ కారణం చెప్పినా డబ్బు ఇవ్వకండి.

మన వైపు వరదలో మునిగిన బళ్ళు కూడా అమ్మకానికి వస్తాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఇళ్ళలోకే నీళ్ళు వచ్చాయి. సీటు తీసి చూడండి, వైర్ల గుత్తిలోనూ హెడ్‌లైటు లోపలా ఒండ్రు మరక మిగిలి ఉంటుంది. పైన ఎంత కడిగినా అక్కడిదాకా ఎవరూ కడగరు.

నేను వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు రాస్తున్నాను. 5 లక్షల లోపు సొమ్ముకి ఫీజు లేదు. 1915కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్పారు. గొట్టాల ఫోటోలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం, టైరు మార్పించిన బిల్లు అన్నీ జాగ్రత్త చేశాను.

బండి ఇప్పుడు మా కొబ్బరి చెట్టు కింద పట్టా కప్పి ఉంది. పేరు మార్పు మొన్ననే పూర్తయింది. నిన్న వేరే ఊరి నుంచి ఒకాయన వచ్చి చూసి, "ఉన్నదున్నట్టు పాతికవేలు ఇస్తానండి, రంగు వేసి పంపించేస్తాను" అన్నాడు. నాకు ఇప్పుడు డబ్బు చాలా అవసరం. అయినా ఇవ్వనన్నాను. కట్టు విప్పగానే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళి సి-బుక్ రద్దుకి పెడతాను. ఆ తర్వాత మెకానిక్‌తో ఛాసిస్ మెడ దగ్గర కోయించి, నా కళ్ళ ముందే ఇనుప సామాన్లోకి వేయిస్తాను.