నల్ల ఆక్స్‌ఫర్డ్ షూ: ఏళ్ల తరబడి వాడాక

ఈ నల్ల క్యాప్‌టో (వేళ్ల మీద అడ్డంగా ఇంకో తోలు ముక్క కుట్టినవి) ఆక్స్‌ఫర్డ్ జత కొని ఏళ్లయింది. ఒకసారి సోల్ మార్పించాను. ఇప్పటికీ ఆఫీసుకూ ఫంక్షన్లకూ ఇవే వేసుకుంటున్నాను.

ఆక్స్‌ఫర్డ్‌లో లేసులు ఎక్కించే రెండు రెక్కల్నీ ముందు తోలు కింద పెట్టి కుట్టేస్తారు. చూడ్డానికి అంత పొందికగా ఉండేది అందువల్లే, పాదానికి తగ్గట్టు పెద్దగా సర్దుకోనిదీ అందువల్లే. లేసులు గట్టిగా బిగించినా రెక్కల మధ్య వెడల్పుగా సందు కనిపిస్తోందా? మీ పాదం పైభాగం ఆ షూకి ఎత్తు ఎక్కువ. వదిలేసి డెర్బీ చూడండి, అందులో రెక్కలు ముందు తోలు పైన ఉండి బాగా తెరుచుకుంటాయి. సూటు మీదకి డెర్బీ పనికిరాదంటారు కొందరు. ఆ తేడా కనిపెట్టేది కూడా వాళ్లే, ఇంకెవరూ చూడరు.

సైజు నంబరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. యూకే 8 అంటే యూఎస్‌లో దాదాపు 9. పైగా ఒక్కో షూని ఒక్కో అచ్చు మీద చేస్తారు. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి అప్పుడే వేసుకుని చూడాలి. బొటనవేలి మొదటి కీలు సరిగ్గా షూ వెడల్పుగా ఉన్నచోటికి రావాలి. వెడల్పులో కొద్దిపాటి బిగువు వాడగా వాడగా తగ్గుతుంది, పొడవు చాలకపోతే మాత్రం ఎన్నాళ్లు వాడినా అంతే. నా జతకి మొదట్లో మడమ కొంచెం లేచేది, సోల్ వంగడం మొదలయ్యాక అది పోయింది.

డబ్బు పెట్టాల్సింది కుట్టు మీద. ఇది గుడ్‌ఇయర్ వెల్ట్ రకం: పై తోలుకి చుట్టూ ఒక తోలు పట్టీ కుట్టి, సోల్‌ని ఆ పట్టీకి కుడతారు. అందుకే పై తోలుని కదపకుండా సోల్ మార్చగలిగారు. జిగురుతో అంటించిన షూకి ఆ వీలు తక్కువ. లోపలి కార్క్ పొర మెల్లగా అణిగి నా పాదం ఆకారానికి వచ్చింది. (ఈ కుట్టు పేరులోని గుడ్‌ఇయర్, టైర్ల కంపెనీ మనిషి కాదు, రబ్బరు వల్కనైజేషన్ కనిపెట్టిన చార్లెస్ గుడ్‌ఇయర్ కొడుకు.)

ఇబ్బందులూ ఉన్నాయి. తడి గచ్చు మీద తోలు సోల్ జర్రున జారుతుంది. సోల్ అడుగున పల్చటి రబ్బరు షీటు వేయించాకే ఆ టెన్షన్ తీరింది. బరువు కూడా ఎక్కువే, కొత్తలో మడమ ఒరుసుకుంది.

ఫుల్ గ్రెయిన్ తోలు, అంటే సహజమైన పైపొర గీకకుండా ఉంచినది కాబట్టి వేళ్ల దగ్గర సన్నటి ముడతలు పడ్డాయి గానీ పగుళ్లు లేవు. పైపొర గీకి ప్లాస్టిక్ లాంటి పూత వేసిన తోలు షాపులో దీనికన్నా ఎక్కువ మెరుస్తుంది, కొన్నాళ్లకు మడత దగ్గర చిట్లుతుంది. నేను ఎక్కువగా క్రీమే రాస్తాను, వాక్స్ ముందు మొనకి మాత్రమే. ఒకరోజు వేసుకుంటే మర్నాడు దేవదారు షూ ట్రీ (షూ లోపల పెట్టే పాదం ఆకారపు చెక్క) పెట్టి చెమట ఆరనిస్తాను.

రెండో జతగా ముదురు బ్రౌన్ డెర్బీ చూస్తున్నాను, ఇదే కుట్టుతో, ఈసారి రబ్బరు సోల్‌తో.